ఆట లోకమంతా పాకింది, గుర్రం పుట్టింట్లోనే తగ్గిపోతోంది

ఇంఫాల్ నడిబొడ్డున, కాంగ్లా కోటను ఆనుకుని ఒక పచ్చిక మైదానం ఉంది. పేరు మాపల్ కాంగ్‌జైబుంగ్. మణిపురీలో మాపల్ అంటే బయట, కాంగ్‌జైబుంగ్ అంటే కాంగ్‌జై అనే కర్రాబంతి ఆట ఆడే చోటు. కోట లోపల మానుంగ్ కాంగ్‌జైబుంగ్ అని మరొకటి ఉంది. లోపలిది రాజకుటుంబం ఆడుకున్నది, బయటిది ఊరందరిదీ. గుర్రమెక్కి కర్రతో బంతి కొట్టే ఆటే పోలో. ప్రపంచంలో ఇవాళ్టికీ పోలో ఆడుతున్న మైదానాల్లో అన్నిటికన్నా పాతదని ఈ బయటి మైదానానికి పేరు. అదే ఊళ్లో ఖుమాన్ లంపాక్ క్రీడా ప్రాంగణం ఉంది. 1999 జాతీయ క్రీడలకు వేదిక అదే, మీరాబాయి చాను బరువులెత్తడం నేర్చిందీ అక్కడే.

2011 జనగణన నాటికి మణిపూర్ జనాభా 28 లక్షల పైచిలుకు. హైదరాబాద్ నగర జనాభాలో సగం కూడా ఉండదు. ఆ కొద్దిమందిలోంచే డింకో సింగ్ 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో బాక్సింగ్ స్వర్ణం తెచ్చారు. మేరీ కోమ్ ఆరుసార్లు ప్రపంచ విజేత అయ్యారు, 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచారు. మీరాబాయి టోక్యోలో 49 కేజీల విభాగంలో స్నాచ్‌లో 87, క్లీన్ అండ్ జెర్క్‌లో 115, మొత్తం 202 కేజీలెత్తి రజతం అందుకున్నారు. మహిళల ఫుట్‌బాల్‌లో బెంబెం దేవి పేరు చెప్పకుండా భారత జట్టు చరిత్ర రాయలేం. జాతీయ క్రీడా విశ్వవిద్యాలయాన్ని ఇంఫాల్‌లో పెట్టాలని 2018లో పార్లమెంటు చట్టం చేయడానికి వెనకున్న బలం ఇదే.

ఇంత క్రీడాబలం ఉన్న చోట, ఆ నేల ప్రపంచానికి ఇచ్చిన గుర్రపు ఆట పోలో ఎందుకు చిక్కిపోతోంది? జనాదరణ తగ్గిందన్న జవాబు తరచూ వినిపిస్తుంది. అది సరిపోదు. చూసేవాళ్లున్నారు, ఆడాలనే కుర్రాళ్లున్నారు, ఆడే అమ్మాయిలూ ఉన్నారు. చిక్కు రెండు చోట్ల ఉంది: ఒకటి గుర్రం ఎత్తు, రెండోది గుర్రం మేత. ఈ రెండిటినీ అర్థం చేసుకోవాలంటే ముందు ఆటలోకి వెళ్లాలి.

గుర్రమెక్కి ఆడితే సగోల్ కాంగ్‌జై, కాళ్ల మీద ఆడితే ఖోంగ్ కాంగ్‌జై. సగోల్ అంటే గుర్రం, ఖోంగ్ అంటే కాలు. రెండిటికీ ఎముకల గూడు ఒకటే. జట్టుకు ఏడుగురు. చేతిలో కర్ర, నేల మీద వెదురు దుంపను చెక్కి చేసిన బంతి. గోల్ స్తంభాలు ఉండవు. ప్రత్యర్థి వైపు చివరి గీతను బంతి ఎక్కడ దాటినా పాయింటే. కాళ్ల ఆటలో బంతి పట్టుకుని పరిగెత్తేవాణ్ని ఎదుటివాడు పట్టి కుస్తీకి దిగొచ్చు, అందుకే దానికి ముక్నా కాంగ్‌జై అని ఇంకో పేరు. ముక్నా అంటే మణిపురి కుస్తీ. నూనె పూసిన కొబ్బరికాయను చంకన బిగించుకుని పరిగెత్తే యూబీ లక్పీలోనూ జట్టుకు ఏడుగురే.

స్తంభాలు లేకపోవడం చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ ఆట స్వభావమంతా దాన్లోనే ఉంది. ఇవాళ్టి అంతర్జాతీయ పోలోలో గోల్ వెడల్పు 8 గజాలు. ఎంత దూరం నుంచి కొట్టినా ఆ 24 అడుగుల సందులోంచే బంతి పోవాలి. అందువల్ల దాడి అంతా ఒక కోన ఆకారంలో గోల్ వైపు ముడుచుకుంటుంది, నలుగురు చాలు. గీత మొత్తం గోలే అయినప్పుడు కాపలా కాసేవాళ్లు మైదానం అడ్డంగా పరుచుకుని ఉండాలి. ఒక మూల ఖాళీ వదిలితే అక్కడే గీత తెగుతుంది. ఏడుగురు కావలసి వచ్చింది అందుకే. గురి కన్నా చుట్టుముట్టడం, ఒక్కసారిగా మలుపు తిప్పడం, గుంపులోంచి బంతిని బయటికి లాగడం ఇక్కడ పెద్ద విద్యలు.

బంతిని మైదానం మధ్యలో పైకి ఎగరేయడంతో ఆట మొదలవుతుంది. గాల్లో ఉన్న బంతిని చేత్తో పట్టుకోవచ్చు. పట్టుకున్నవాడు దాన్ని తనకు తానే ఎగరేసుకుని గాల్లోనే కొడతాడు. సరిగ్గా తగిలితే బంతి గుంపు తలల మీదుగా వెళ్లిపోతుంది. తగలకపోతే బంతి సొంత గుర్రం కాళ్ల కింద పడుతుంది, ఆ రెండు క్షణాల్లో నాలుగు కర్రలు అక్కడికి వస్తాయి. అంతర్జాతీయ నియమాల్లో బంతిని చేత్తో పట్టుకోవడం తప్పు. మణిపూర్‌లో రెండు పద్ధతులూ ఇప్పటికీ ఆడతారు. పాత పద్ధతిని పానా పోలో అంటారు. ఆహల్లుప్, నాహరుప్, ఖాబం, లైఫం అనే నాలుగు పానాలు పాత రాజ్యంలో ప్రజల విభాగాలు. కొలువు, సేవ, యుద్ధం అన్నీ ఆ లెక్కనే నడిచేవి. ఆట పోటీ కూడా పానాల మధ్యే.

సామాను చూస్తే ఆ ఆట ఎంత దగ్గరగా, ఎంత ఒరుసుకుంటూ ఆడేదో తెలుస్తుంది. జీను చెక్కది, మీద తోలు. రెండు పక్కలా గట్టి తోలు రెక్కలు దిగి ఆటగాడి కాళ్లను కాపాడతాయి. గుర్రం నుదురు దగ్గరా, ఒంటి మీద దెబ్బ తగిలే చోట్లా పెద్ద పెద్ద ఊలు కుచ్చులు వేలాడతాయి. ఫొటోల్లో అవి అలంకారంలా కనిపిస్తాయి. పని మాత్రం దెబ్బ తప్పించడం: వెదురు దుంప బంతి గానీ, గురి తప్పిన కర్ర గానీ ముందు కుచ్చుకు తగిలి జోరు తగ్గుతుంది. ఆటగాడు తలపాగాను గడ్డం కింద బిగించి కడతాడు, పిక్కలకు రక్షణ కట్టుకుంటాడు. పాత పద్ధతిలో పాదాలకు చెప్పులుండవు, రికాబులో ఉత్త పాదమే.

బంతి గురించి ఒక మాట. వెదురు దుంప పచ్చిగా ఉన్నప్పుడు చెక్కడం తేలిక. కానీ పచ్చిది ఆరుతూ ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ ముడుచుకుంటుంది, పగుళ్లు తీస్తుంది. గుండ్రం తప్పిన బంతి నేల మీద తిన్నగా దొర్లదు, గాల్లో ఒక పక్కకు లాగుతుంది. బాగా ఎండిన దుంపను చెక్కితేనే ఆట నిలుస్తుంది. ఇవాళ్టి అంతర్జాతీయ బంతి ప్లాస్టిక్‌ది, 3 నుంచి 3.5 అంగుళాల అడ్డుకొలత, 100 నుంచి 130 గ్రాముల మధ్య బరువు.

ఎత్తు అనే కొలబద్ద

గుర్రం ఎత్తును మూపు దగ్గర కొలుస్తారు, తల దగ్గర కాదు. తల ఎత్తుతుంది, దించుతుంది, మూపు కదలదు. కొలత పేరు హ్యాండ్, అంటే 4 అంగుళాలు. మన బెత్తెడుకు బొటనవేలు కలిపినంత అనుకోవచ్చు. రాసే తీరులో ఒక మెలిక ఉంది. 14.2 అంటే పద్నాలుగున్నరకు తక్కువ అనుకుంటారు కొత్తవాళ్లు. చుక్క తరవాతిది దశాంశం కాదు, అంగుళాలు. 14.2 అంటే 14 హ్యాండ్ల మీద 2 అంగుళాలు, 58 అంగుళాలు, 147 సెంటీమీటర్లు. 14.3 తరవాత వచ్చేది 15.

మణిపురి పోనీ, అంటే అక్కడి పొట్టి జాతి గుర్రం, 11 నుంచి 13 హ్యాండ్లు, అంటే 112 నుంచి 132 సెంటీమీటర్లు. తెలుగులో పాత మాట తట్టువ దీనికి సరిగ్గా అతుకుతుంది. ఇవాళ అర్జెంటీనాలోనో ఇంగ్లండులోనో పోలో పోనీ అని పిలిచేది 15 నుంచి 15.3 దాకా ఉంటుంది. దాన్ని పోనీ అనడం అలవాటు కొద్దీ మిగిలిన పేరే. ఆ పేరు ఎక్కడి నుంచి మిగిలిందో చెప్పేదే అసలు చరిత్ర.

1819 నుంచి 1826 వరకు బర్మా సేనలు మణిపూర్‌ను నేలమట్టం చేశాయి. ఆ ఏడేళ్లను చహీ తరెత్ ఖుంతాక్పా అంటారు, ఏడేళ్ల వినాశం అని. వేలమంది పక్కనున్న కాచార్‌కు (ఇవాళ్టి అస్సాంలో ఉంది) పారిపోయారు. గుర్రాలతో పాటు ఆటా వెళ్లింది. మూడు దశాబ్దాల తరవాత కాచార్‌లో తేయాకు తోటలు మొదలయ్యాయి. తోటల దొరలు, సైనికాధికారులు అక్కడి మణిపురీలు ఆడుతుంటే చూసి తామూ గుర్రాలెక్కారు. 1859లో సిల్చర్‌లో క్లబ్బు పెట్టారు. జోసెఫ్ షేరర్ అనే అధికారి, కాచార్ పాలనాధికారి రాబర్ట్ స్టువర్ట్ దీనికి ముందు నిలిచారు. 1860ల మొదట్లో ఆట కలకత్తా చేరింది. 1869లో లండన్ పక్కన హౌన్‌స్లోలో సైనిక పటాలాలు ఆడాయి, అప్పటికి జట్టుకు ఎనిమిదిమంది. ఆ తరవాత ఐదుగురు, చివరికి నలుగురు. పోలో అన్న పేరు మాత్రం మణిపూర్‌ది కాదు. బంతి అని అర్థమిచ్చే పులు అనే మాట నుంచి వచ్చింది, అది బాల్టిస్తాన్‌లో మాట్లాడే బాల్టీ భాషది. ఆట ఒక కొండ నుంచి, పేరు ఇంకో కొండ నుంచి.

మొదట్లో గుర్రం ఎత్తుకు హద్దు ఉండేది. ఇంగ్లండులో 1870లలో 14 హ్యాండ్లు, 1890లలో 14.2. హద్దు ఉన్నంత కాలం దాన్ని పోనీ అనడంలో అర్థముంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఆ హద్దు తీసేశారు. అప్పటి నుంచి థరోబ్రెడ్ అనే పందెపు గుర్రాల జాతి రక్తం కలిసిన పెద్ద గుర్రానిదే రాజ్యం. మణిపురి పోనీ అంతర్జాతీయ పోలోలోంచి జారిపోయింది ఆ రోజునే. ఎవరూ దాన్ని నిషేధించలేదు. దాని తరగతిని ఎత్తేశారు, అంతే.

ఎత్తు తేడా ఆటలో ఎలా పనిచేస్తుందో లెక్క వేద్దాం. 15.1 హ్యాండ్ల గుర్రం 61 అంగుళాలు, 12.2 హ్యాండ్ల పోనీ 50 అంగుళాలు. తేడా 11 అంగుళాలు. ఆటగాడి భుజం అంత కిందికి దిగుతుంది. కొంత వంగడం తగ్గించుకుని సర్దుకోవచ్చు, మిగతాది కర్ర పొడవు తగ్గించి సర్దుకోవాలి. పెద్ద గుర్రం మీద 52 అంగుళాల కర్ర వాడేవాడు అదే కర్రతో పొట్టి గుర్రం ఎక్కితే, కర్ర తల బంతికన్నా ముందే నేలను తాకుతుంది. మణికట్టు బెణుకుతుంది లేదా కర్ర విరుగుతుంది. అనుభవం లేనివాడు మోచెయ్యి ముడిచి కర్రను కుదించుకుంటాడు, దెబ్బలో బలం పోతుంది. పొట్టి కర్ర తిరిగే చక్రం చిన్నది, తల వేగం తక్కువ, బంతి దూరం పోదు. దానికి బదులు దెబ్బ తొందరగా పడుతుంది, పోనీ చిన్న చోటులో మలుపు తిరుగుతుంది.

అంటే ఏడుగురేసి గుమిగూడే పానా ఆటలో పొట్టి గుర్రానిది పైచేయి. 300 గజాల పొడవు, 200 గజాల దాకా వెడల్పు, పన్నెండు ఎకరాలకు పైబడిన అంతర్జాతీయ మైదానంలో, నలుగురేసి మాత్రమే ఉన్నప్పుడు, ఆట దౌడుగా మారుతుంది. అక్కడ పెద్ద అడుగు వేసే గుర్రం గెలుస్తుంది. పోలోలో ఎదుటి గుర్రాన్ని భుజంతో పక్కకు నెట్టడం నియమబద్ధమే, కోణం పదునుగా లేకుంటే చాలు. పక్కపక్కనే దౌడు తీస్తూ ఒరుసుకున్నప్పుడు బరువున్నది తేలికైనదాన్ని బంతి గీత మీద నుంచి తోసేస్తుంది. బంతి వెళ్లే గీత ఎవరిదో వాళ్లకే దారి అన్నది పోలో నియమాలన్నిటికీ మూలం. ఆ గీత మీద నిలవలేని గుర్రం ఎంత చురుకైనదైనా ఆటలో లేనట్టే.

ఇంకో ఖర్చు ఉంది. అంతర్జాతీయ పద్ధతిలో చక్కర్ అనే ఒక్కో ఆట విడత 7 నిమిషాలు, గంట కొట్టాక మరో అర నిమిషం వరకు ఆట నడవొచ్చు. మ్యాచ్‌కు నాలుగు నుంచి ఎనిమిది చక్కర్లు. ఒక గుర్రాన్ని వరుసగా రెండు చక్కర్లు పరిగెత్తిస్తే రెండో దానిలో కాళ్లు తడబడతాయి, పడిపోయే ప్రమాదం అక్కడే. అందువల్ల ఒక్కో ఆటగాడికి రెండో మూడో గుర్రాలుండాలి. ఒక కుటుంబానికి ఒకటో రెండో పోనీలుండే చోట ఈ లెక్క ఎప్పటికీ అందదు.

బరువు తరగతులున్న ఆటలు

ఇప్పుడు ఖుమాన్ లంపాక్ వైపు చూడాలి. మణిపూర్ పతకాలెక్కువగా ఏ ఆటల్లో వచ్చాయి? డింకో సింగ్ 54 కేజీలు. మేరీ కోమ్ ప్రపంచ పతకాలు ఎక్కువగా 48 కేజీలు, అంతకన్నా తక్కువ తరగతుల్లో. వెయిట్‌లిఫ్టర్ కుంజరాణి దేవి 48 కేజీల లోపు. మీరాబాయి 49. మనిషి పొట్టిగా, తేలికగా ఉన్నా సమానమైనవాడితోనే తలపడే ఏర్పాటు ఆ ఆటల్లో ఉంది. బరువు తరగతులు తీసేసి అందరూ ఒకే రింగులో తలపడాలంటే మేరీ కోమ్ పేరు లోకానికి తెలిసేదా? పోలో తన గుర్రాలకు చేసింది సరిగ్గా అదే.

మహిళల వెయిట్‌లిఫ్టింగ్ 2000లో ఒలింపిక్స్‌లోకి వచ్చింది. ఆ తొలి ఏడాదే శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి సిడ్నీలో 69 కేజీల విభాగంలో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 ఎత్తి కాంస్యం గెలిచారు. అంతకు ముందు 1994, 1995లో ఆమె ప్రపంచ విజేత అయింది 54 కేజీల తరగతిలో. కుంజరాణి, మల్లీశ్వరి ఒకే తరం, ఒకే జాతీయ జట్టు. శరీరాలు వేరు, తరగతులు వేరు, కాబట్టి ఒకరి దారికి ఒకరు అడ్డు రాలేదు.

ఈ విషయం తెలుగు రైతుకు వేరే చెప్పక్కర్లేదు. ఒంగోలు ఎద్దుల బండలాగుడు పోటీల్లో వయసు చెప్పే పళ్ల లెక్కన రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్స్ అని విభాగాలు పెట్టేది ఇందుకే. రెండు పళ్ల గిత్తను సీనియర్ జతతో పోటీకి దింపితే మరుసటి ఏడాది ఆ గిత్తను పెంచేవాడే ఉండడు. విభాగం ఉంది కాబట్టి లేత గిత్తకు గిరాకీ ఉంది, గిరాకీ ఉంది కాబట్టి మేలైన కోడెను ఎంచి పెంచేవాడున్నాడు. పోటీ నియమం ఒక జాతి పశువును నిలబెట్టగలదు, కూల్చనూ గలదు.

ఆధునిక క్రీడలకు మణిపూర్‌లో పునాది ఇంకొకటి ఉంది, దాన్ని బయటివాళ్లు తక్కువగా గమనిస్తారు. వాడను లైకై అంటారు. లైకైకో క్లబ్బు. హోలీని అక్కడ యావోషాంగ్ అంటారు, ఐదు రోజుల పండగ. ఆ రోజుల్లో క్లబ్బులన్నీ ఆటల పోటీలు పెడతాయి. చిన్నపిల్లల పరుగుపందెం నుంచి ముసలివాళ్ల పోటీల దాకా వాడంతా దిగుతుంది. ఎవరి బిడ్డ వేగంగా పరిగెత్తుతుందో పదేళ్ల వయసుకే లైకై మొత్తానికి తెలుస్తుంది. ఆ బిడ్డకు కావలసింది ఒక మైదానం, ఒక గురువు, ఖుమాన్ లంపాక్ దాకా చేరే దారి. మీరాబాయి సొంతూరు నోంగ్‌పోక్ కాక్చింగ్ నుంచి శిక్షణకు ఇసుక లారీలు ఎక్కి వెళ్లేవారు. టోక్యో తరవాత ఆ డ్రైవర్లను వెతికి పిలిచి సన్మానించారు. బార్బెల్ తినదు, తాగదు, రాత్రి రోడ్డు మీదికి పోదు. గుర్రం విషయంలో అలా కుదరదు.

గడ్డి లెక్క

ఇంఫాల్ లోయలో ఉండే మెయితీల ఇళ్లలో పోనీని కట్టేసి మేపడం పాత అలవాటు కాదు. చిత్తడి నేలల్లో, పట్ అని పిలిచే తడి మైదానాల్లో వదిలేస్తారు. మోకాలి లోతు నీళ్లలో నిలబడి నీటిగడ్డి తింటుంది. ఆట రోజుకు ముందు పట్టుకొస్తారు. ఈ పద్ధతిలో పెంపకం ఖర్చు దాదాపు సున్నా, అందుకే సామాన్యుడికీ గుర్రం ఉండేది. ఇంఫాల్ పెరిగేకొద్దీ పట్‌లు పూడ్చారు. లంఫెల్‌పట్ ఒకప్పుడు పోనీల మేత నేల. అక్కడ కార్యాలయాలు, ఆసుపత్రులు, కాలనీలు లేచాయి.

ఒక పోనీకి ఎంత గడ్డి కావాలి? గుర్రం రోజుకు తన బరువులో సుమారు 2 శాతం ఎండు పదార్థం తినాలి. 220 కేజీల పోనీ అనుకుంటే 4.4 కేజీలు. పచ్చి నీటిగడ్డిలో ఐదింట నాలుగు వంతులు నీరే, కాబట్టి పచ్చిగడ్డి లెక్కన రోజుకు 22 కేజీలు. దాని కడుపు చిన్నది, ఒక్కసారిగా తినలేదు. రోజులో సగానికి పైగా మేస్తూనే ఉండాలి. మేత నేల పోయిన పోనీ రోడ్డెక్కేది ఇందుకే. చెత్తకుప్ప దగ్గర కూరగాయల తొక్కల వాసన వస్తుంది, తొక్కలతో పాటు ప్లాస్టిక్ సంచీ మింగుతుంది. ఆవు కడుపులో సంచులు ఏళ్ల తరబడి పేరుకుంటాయి. గుర్రానికి అంత గడువు ఉండదు. దానికి వాంతి చేసుకునే శక్తి లేదు. పేగు మలుపులో సంచి చిక్కితే వెనక గాలి, మేత నిండి పేగు ఉబ్బుతుంది. ముందు కాలితో నేల గీరడం, తల తిప్పి పొట్ట వైపు చూడటం, పడుకుని దొర్లడం తొలి గుర్తులు. పేడ ఆగిందంటే గంటలే మిగిలాయి. రాత్రిపూట రోడ్డు పక్కన ఉన్నదాన్ని ఎవరు గమనిస్తారు? వాహనాలు గుద్ది చచ్చేవి వీటికి అదనం.

2003 పశుగణనలో మణిపురి పోనీలు 1,900కు దగ్గరగా ఉన్నాయి. 2012కు 1,100 అయ్యాయి. 2019లోనూ దాదాపు అంతే. 2013లో రాష్ట్ర ప్రభుత్వం ఈ జాతి అంతరించే ప్రమాదంలో ఉందని ప్రకటించింది, 2016లో సంరక్షణ విధానం తెచ్చింది. పోనీకి అధిదేవత మార్జింగ్. ఆయన కొండ ఉన్న హైంగాంగ్‌లో 2023 జనవరిలో 120 అడుగులకు పైబడిన గుర్రపు రౌతు విగ్రహం ఆవిష్కరించారు. విగ్రహం గర్వకారణమే. కింద కొండ వాలులో మేసే గుర్రాలకు ఎన్ని ఎకరాల తడినేల ఇచ్చారన్నది అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న.

వెయ్యికి పైగా ఉన్నాయి కదా అనుకోవడం పొరపాటు. జాతి నిలబడటానికి తలల లెక్క చాలదు, ఈత లెక్క, అంటే పిల్లల్ని పుట్టించేవి ఎన్నో చూడాలి. దానికి ఒక సూత్రం ఉంది: ఈతకు పనికొచ్చే మగవాటి సంఖ్యను ఆడవాటి సంఖ్యతో గుణించి, నాలుగుతో గుణించి, రెండిటి మొత్తంతో భాగించాలి. ఉదాహరణకు 400 ఆడ, 20 మగ ఈతలో ఉన్నాయనుకుందాం. 4 × 20 × 400 ÷ 420 = 76. అంటే రక్త వైవిధ్యం దృష్ట్యా ఆ 420 గుర్రాల మంద 76 గుర్రాల మందతో సమానం. మగవి 10కి పడిపోతే లెక్క 39కి దిగుతుంది. 50 కన్నా తగ్గితే దగ్గర రక్తాల కలయికతో జాతి నీరసిస్తుందని పశుజన్యు శాస్త్రంలో వాడుక హద్దు. ఆడవి 400 నుంచి 600కి పెంచినా, మగవి 10 దగ్గరే ఉంటే 39 కాస్తా 39.3 అవుతుంది, అంతే. కాబట్టి చేయాల్సిన పని వేర్వేరు రక్తపు మగపోనీలను కాపాడటం. ఊళ్లో వదిలిన మగపోనీలు కొట్లాడుకుంటాయని, ఆటలో మాట వినవని వృషణాలు తీయించేస్తారు. ఆట కోణంలో అది సబబే. కానీ ఏ పోనీకి తీయిస్తున్నారో, దాని తండ్రి ఎవరో రాసిపెట్టే పుస్తకం లేకుండా తీయిస్తే జాతి మూలం తెగుతుంది.

ఎత్తు పెంచుకోవడానికి పెద్ద జాతి మగగుర్రంతో దాటించే దారి ఒకటి ఎప్పుడూ ఊరిస్తూ ఉంటుంది. మొదటి ఈత పిల్లలు ఎత్తుగా, వేగంగా వస్తాయి, మైదానంలో వెంటనే ఫలితం కనిపిస్తుంది. కానీ పెద్ద ఒంటికి మేత ఎక్కువ కావాలి, చిత్తడిలో నిలబడి నీటిగడ్డి తిని బతికే గట్టిదనం పలచబడుతుంది. మేత నేల తగ్గుతున్న చోట ఎక్కువ తినే గుర్రాన్ని పుట్టించడం తలకిందుల లెక్క.

ఆట వైపు నుంచి చూస్తే ఆశ పుట్టించే ఏర్పాటు ఇప్పటికే ఒకటి ఇంఫాల్‌లో ఉంది. నవంబరులో సంగాయ్ ఉత్సవ సమయంలో అంతర్జాతీయ పోలో, రాష్ట్ర అవతరణ దినమైన జనవరి 21 చుట్టూ 2016 నుంచి మహిళల పోలో టోర్నీ. బయటి దేశాల జట్లు తమ గుర్రాలు తెచ్చుకోవు, ఇక్కడి పోనీల మీదే ఆడతాయి. 15 హ్యాండ్ల గుర్రానికి అలవాటుపడ్డ క్రీడాకారిణి 12 హ్యాండ్ల పోనీ ఎక్కి మొదటి చక్కర్లో కర్రను నేలకు కొట్టుకుంటుంది. రోజూ ఈ పోనీలనే ఎక్కే స్థానిక అమ్మాయి పక్కనుంచి దూసుకొచ్చి బంతి లాక్కుపోతుంది. ఇద్దరికీ గుర్రం ఒకటే కాబట్టి అక్కడ విద్య మాత్రమే తేలుతుంది. డబ్బు మాట్లాడదు.

ఈ ఏర్పాటు ఏడాదికి రెండు టోర్నీల దగ్గర ఆగిపోకూడదు. దేశంలోని పోలో క్యాలెండర్‌లో 13 హ్యాండ్ల లోపు పోనీలకు ఒక శాశ్వత విభాగం ఉంటే మణిపూర్ పోనీకి బయట గిరాకీ పుడుతుంది, ఇంటి దగ్గర దాన్ని మేపేవాడికి నాలుగు డబ్బులు వస్తాయి. చిన్న మైదానం సరిపోతుంది, గుర్రాల రవాణా, దాణా ఖర్చు తగ్గుతుంది, పన్నెండు పదమూడేళ్ల పిల్లలకు పోలో నేర్పడానికి ఇంతకన్నా తగిన గుర్రం దొరకదు. అయితే అందులో మొత్తం పందెం కొలత దగ్గరే ఉంటుంది. వెనకటి రోజుల్లో ఎత్తు హద్దు ఉన్నప్పుడు గిట్టలు అతిగా చెక్కి అర అంగుళం తగ్గించిన మోసాలు జరిగాయి. అలా చెక్కిన గుర్రం రెండు వారాలు కుంటుతుంది. అందువల్ల ఐదేళ్లు నిండాకే, సిమెంటు గచ్చు మీద, గిట్టల లాడాలు తీసి, ముందుకాళ్లు రెండూ నిలువుగా ఒకే వరుసలో ఉండగా, అడ్డపట్టీ ఉన్న కొలకర్రను మూపు మీద ఆనించి మూడుసార్లు కొలవాలి. గుర్రం కొత్త మనుషుల్ని చూసి బిగుసుకుంటే ఆ కొలత చెల్లదు. అలవాటైన మనిషిని కళ్లెం దగ్గర నిలబెట్టి, అది శ్వాస వదిలి మెడ వదులు చేసేదాకా ఆగాలి.